బకెట్ల కింద మూడు మొక్కలు

జనవరి 11, ఆదివారం

ఈ డైరీ అన్నయ్యకి ఆఫీసులో ఊరికే ఇచ్చారు. ఏ పూటకి ఏం వండాలో రాసుకోమని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పది రోజులు బుద్ధిగా అదే రాశాను. ఇవాళ ఆ పేజీలు తిరగేస్తే నాకే అసహ్యం వేసింది. ఎవరు ఏం తింటారో, ఎవరికి ఉప్పు తగ్గించాలో నాకు నోటికొచ్చు. ఏడేళ్ళ నుంచీ అదే చదువు. దానికో డైరీ దేనికి? ఇక నుంచి ఇందులో నా సంగతులు రాస్తాను. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. ఈ ఇంట్లో నా వస్తువులు ఎవరూ ముట్టుకోరు. అంత మర్యాదస్తులు.

ఏడేళ్ళ కిందట నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ప్రెస్సు మూసేశారు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఓ నెల ఉండి పొమ్మన్నాడు అన్నయ్య. వచ్చాను. ఆ నెలలోనే వదినకి కళ్ళాసుపత్రిలో ప్రమోషన్ వచ్చి, ఇంటికి వచ్చేసరికి ఏడు దాటడం మొదలైంది. పిల్ల స్కూలు నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు తలుపు తియ్యాలిగా. తీశాను. ఇంకా తీస్తూనే ఉన్నాను. అప్పుడు పిల్లకి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పదిహేను. ప్రతిదానికీ వాదిస్తుందని దానికి లాయరు అని పేరు పెట్టాను.

ఇంతకీ లెట్యూస్ సంగతి, అదే, శాండ్‌విచ్‌లో పచ్చిగా పెట్టుకునే ఆకుకూర. వంటింటి వెనక, బట్టలారేసే తీగకీ ప్రహరీకీ మధ్య చిన్న మడి ఉంది. మూడేళ్ళ కిందట మొదటిసారి గింజలు వేలెడు లోతున నాటి, పైన మట్టి కప్పి, పద్దెనిమిది రోజులు కాపలా కాశాను. ఒక్కటీ మొలవలేదు. ఆ గింజకి వెలుతురు తగలాలని తర్వాత తెలిసింది. ఇప్పుడైతే మట్టి మీద చల్లి అరచేత్తో అదుముతాను. నాలుగో రోజుకి పచ్చగా లేస్తుంది. ఈసారి ఇరవై నాలుగు మొక్కలు. అరచెయ్యంత ఉన్నాయి. పొద్దున్నే వాటి దగ్గర కూర్చుంటే ఎవరూ నన్ను ఏమీ అడగరు. అవి కూడా అడగవు.

జనవరి 15, గురువారం. మధ్యాహ్నం 2

ఫోన్ చేశాను!

పేపర్లో చిన్న ప్రకటన. నర్సరీలో ఆకుకూరల వైపు చూసుకోవడానికి మనిషి కావాలి, ఉండటానికి గది ఇస్తాం అని. బస్సులో మూడు గంటల దూరం. నాలుగు రోజుల నుంచి ఆ కాగితం ముక్క మడిచి బియ్యం డబ్బా కింద పెట్టుకున్నాను. ఇవాళ సంక్రాంతికి అందరూ వదిన పుట్టింటికి వెళ్ళాక, పెరట్లో పంపు విప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడాను. ఇంట్లో పురుగు కూడా లేదు. ఎవరు వింటారని పంపు విప్పానో దేవుడికే తెలియాలి.

నర్సరీ ఆవిడ గొంతు కరుకు. ఏం చదివారని అడగలేదు. ఇంతకుముందు ఎక్కడ చేశారని అడగలేదు. ఏం పండిస్తారని అడిగింది. లెట్యూస్ అన్నాను. అయితే మార్చి రెండో తారీఖు సోమవారం పదకొండుకి రండి, మీరు పెంచిన మొక్కలు మూడు వేళ్ళతో సహా తెండి, ఒక్క ఆకు కూడా కోసి ఉండకూడదు, మొక్క మొత్తం చూస్తే పెంచినవాళ్ళ చెయ్యి తెలిసిపోతుంది, సర్టిఫికెట్లు నాకు చూడ్డం రాదు అంది. పెట్టేసింది.

మూడు మొక్కలు. ఆరు వారాల పైన నాలుగు రోజులు. కాపాడుకోలేనా?

జనవరి 16

పెట్టే బేడా సర్దుకున్నట్టు కల. పెట్టెలో అన్నీ ఇంట్లోవాళ్ళ బట్టలే.

జనవరి 17, శనివారం

కోత మొదలైంది. కోత అంటే మా ఇంటి పద్ధతి కోత. ఈ పద్ధతి నేర్పింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు. మొక్క పీకకూడదు. మొవ్వు ముట్టుకోకూడదు. ప్రతి మొక్కకీ బయటి ఆకులు రెండు, కత్తెరతో మొదలంటా కొయ్యాలి. తెల్లగా పాలు కారతాయి, అది ఆరాక మళ్ళీ లోపల్నుంచి పెరుగుతుంది. అలా కోస్తే ఒకే మొక్క రెండు నెలలు తింటాం.

మా వదినకి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే దాన్ని ధర్మశాస్త్రం చేసేసింది. పొద్దున్న ఏడింటికి ఆఫీసు బట్టల్లో, తల దువ్వుకుని, కత్తెర పట్టుకుని మడి చుట్టూ తిరుగుతుంది. తలా రెండు. ఒకదానికి మూడు కొయ్యదు, ఒకదానికి మానదు. ఒకదాని మీదే భారం వెయ్యకూడదంటుంది. ఆవిడ న్యాయం అంత గట్టిది. అందరి లంచ్ బాక్సుల్లోకీ సర్ది, మా ఆడపడుచు పండించిందని ఆసుపత్రిలో అందరికీ చెబుతుందట.

ఇవాళ నేను ముందే లేచి ప్రహరీ పక్కన ఉన్న అయిదింటి ముందు బట్టల బుట్ట అడ్డం పెట్టాను. మూడు కావాలి, రెండు ఎక్కువ ఉంచుకున్నాను. వదిన బుట్ట పక్కకి జరపబోయింది. అవి ఇంకా చిన్నవి వదినా అన్నాను. నిజానికి అవే అన్నిటికన్నా పెద్దవి. ఆవిడకి కళ్ళు లేవా? కళ్ళాసుపత్రిలోనేగా పని. నవ్వి ఊరుకుంది.

జనవరి 19

చెప్పేస్తే పోలేదా అని నా మనసు నన్ను అడుగుతోంది. దానికి జవాబు రాస్తాను.

మూడేళ్ళ కిందట ఒకసారి చెప్పాను. పుస్తకాల షాపులో పని ఉంది, వెళ్తానన్నాను. ఒక్కరు కూడా వద్దనలేదు. వద్దంటే పోట్లాడేదాన్ని. అన్నయ్య చాలా మంచిదన్నాడు. మర్నాడు నా గదికి కొత్త ఫ్యాను బిగించాడు. వదిన నాకు బీరువా కొంది, తలుపుకి నిలువెత్తు అద్దం ఉన్నది. ఆ వారమే లాయరుకి జ్వరం వచ్చి అత్తా అత్తా అని కలవరించింది. నేను ఆగిపోయాను. బీరువాలో పెట్టుకోవడానికి నా దగ్గర ఏముంది? నాలుగు జతల బట్టలు. మిగతా అరల్లో వాళ్ళ దుప్పట్లు సర్దాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఇంట్లో అడక్కుండానే అన్నీ పెడతారు. అదే నా ఖర్మ. తిట్టినా బాగుండేది. ఒక్కరోజు, ఒక్క మాట విసురుగా అన్నా చాలు, సంచీ సర్దుకుని పోయేదాన్ని. ఇంత మంచివాళ్ళ దగ్గర్నుంచి ఏమని చెప్పి వెళ్తాం?

అందుకే చెప్పను. ముందు ఆవిడ నన్ను తీసుకుంటానని అనాలి. అది చేతిలో పెట్టుకుని చెబుతాను. నాకు తెలుసు, నేను పిరికిదాన్నే.

జనవరి 27, మంగళవారం

వదిన అడిగేసింది. ఆ అయిదూ మాత్రం ఎందుకు మినహాయింపు అని. విత్తనానికి వదిలాను అన్నాను. పూత రావాలి, గింజ కట్టాలి, వచ్చే ఏడాదికి కావాలిగా అని. నోరు తిరగని అబద్ధం కాదు, గడగడా వచ్చింది. వచ్చే ఏడాది అనే మాట వినగానే వదిన మొహం వెలిగిపోయింది. వెళ్ళి అన్నయ్యకి కూడా చెప్పింది.

నా మీద నాకే కోపం వచ్చింది. రోజంతా గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. ఎవరికీ వినిపించలేదు, ఇంట్లో ఎవరూ లేరు.

ఫిబ్రవరి 4

ఒకటి పోయింది. లాయరు ఫ్రెండ్స్ కోసం శాండ్‌విచ్ చేసుకుంటూ మొక్క మొత్తం లాగేసింది. విత్తనానిది కదే అంటే, విత్తనానికి అయిదెందుకు, ఒక మొక్కకే వందల గింజలు వస్తాయని సైన్సు పుస్తకంలో ఉందని వాదన. ఉంది మరి. ఏం చెప్పను? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

నాలుగున్నాయి. ఫర్వాలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం. సాయంత్రం 5

అన్నయ్య వాళ్ళ మేనేజరు భోజనానికి వచ్చాడు. అన్నయ్యది లిఫ్టులు బిగించే కంపెనీ, అక్కడ సూపర్వైజరు. వారం నుంచీ హడావుడే. నేను పొద్దున్న అయిదు నుంచి పొయ్యి దగ్గరే. పన్నెండింటికి అన్నయ్య గర్వంగా ఒక పళ్ళెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. దాని మీద మొత్తం లెట్యూస్, గులాబీ పువ్వులా విచ్చుకుని, నీళ్ళ చుక్కలతో. నా నాలుగింట్లో ఒకటి.

అన్నయ్యని ఏమనగలను? మిగతా పందొమ్మిదీ ఆకులు కోసి కోసి, ఈకలు పీకిన కోళ్ళలా ఉన్నాయి. అందమైనది పెట్టాలనుకుంటే ఎవరైనా నా నాలుగింట్లోంచే కోస్తారు. మేనేజరు ఒక్క ఆకు తుంచి నోట్లో వేసుకుని, మీ చెల్లెలు ఉండబట్టి మీ ఇల్లు ఇంత బాగుంది అన్నాడట. అన్నయ్య ఆ మాట వంటింట్లోకి వచ్చి మరీ చెప్పాడు. కళ్ళల్లో నీళ్ళు. నాకూ వచ్చాయి, వేరే కారణానికి.

సరిగ్గా మూడు మిగిలాయి. ఇక ఒక్కటి పోయినా అంతే సంగతులు.

ఫిబ్రవరి 9

బకెట్లు. స్నానాలగదిలో పగిలిన నీలం బకెట్ ఒకటి. ఖాళీ పెయింట్ డబ్బా ఒకటి. పెద్ద గిన్నె ఒకటి, దాన్ని ఎప్పుడో కానీ వాడం. సాయంత్రం లాయరు వచ్చేలోగా మూడింటి మీదా బోర్లిస్తాను. పొద్దున్న వదిన కోత అయి, అందరూ గడప దాటాక తొమ్మిదింటికి తీస్తాను. రోజుకి ఎనిమిది గంటల ఎండ. చాలు.

ఏమిటివి అని వదిన అడిగితే నత్తలకి ఎర అని చెప్పాను. చల్లటి చీకటి అంటే వాటికి ఇష్టం, అన్నీ అక్కడికి చేరతాయి, చేరాక ఏరి పారేస్తాను అని. అప్పుడు చెప్పిన విత్తనాల అబద్ధం మీద ఇప్పుడు నత్తల అబద్ధం. రెండు అంతస్తులు లేచింది. అన్నయ్య లిఫ్టు బిగించొచ్చు.

ఫిబ్రవరి 14

అయిదు రోజులుగా సజావుగా నడుస్తోంది. తొమ్మిదింటికి బకెట్ ఎత్తేటప్పుడు భలే ఉంటుంది. లోపల మొవ్వు గుండ్రంగా ముడుచుకుంటోంది. చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. పదహారు రోజులు.

ఫిబ్రవరి 18, బుధవారం

అన్నయ్య నడుం పట్టేసింది. ఆఫీసులో ఏదో మోటారు ఎత్తాడట. పదిరోజులు కదలకుండా పడుకోవాలన్నాడు డాక్టరు. ముందు గదిలో ఉక్కగా ఉందని మంచం వెనక గదిలోకి మార్చారు. వెనక గది కిటికీ పెరట్లోకి. సరిగ్గా మడి ఎదురుగా.

ఫిబ్రవరి 19

పొద్దున్నించి పద్నాలుగు సార్లు పిలిచాడు. చెల్లాయ్ మంచినీళ్ళు. చెల్లాయ్ ఆ దిండు. చెల్లాయ్ ఏం లేదు, ఊరికే పిలిచా.

తొమ్మిదింటికి బకెట్ దగ్గరికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తున్నాడు. ఎన్ని పడ్డాయే నత్తలు అని అడిగాడు. ఇప్పుడు తీస్తే చెదిరిపోతాయి, పది రోజులు ముట్టకూడదు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోటికి ఏదొస్తే అది. బకెట్ ఎత్తితే నత్త బదులు నవనవలాడే మొక్క కనిపిస్తుంది. అది ఎందుకు దాచావంటాడు. అక్కడ మొదలైతే అన్నీ బయటికొస్తాయి. నేను ఆడిన అబద్ధానికి నేనే కాపలా అయ్యాను.

చీకటి పడ్డాక తియ్యొచ్చు. తీసి లాభమేమిటి? దానికి కావాల్సింది ఎండ.

ఫిబ్రవరి 21

ఇవాళ కాసేపు నిద్రపోయాడు. చప్పుడు చెయ్యకుండా గిన్నె ఎత్తాను. అంచు రాయికి తగిలి ఖంగుమంది. ఏమే చెల్లాయ్ అన్నాడు. బోర్లించేశాను.

ఒక్క క్షణం చూశాను. రంగు పోతోంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

అన్నయ్యకి పడుకుని పడుకుని బుర్ర చురుగ్గా పనిచేస్తోంది. కిటికీలోంచి నన్నే చూస్తున్నాడట, ఆ చారెడు మడిలో నేను ఎంత సంతోషంగా ఉంటానో ఇప్పుడే గమనించాడట. ఏడేళ్ళుగా నాకోసం ఏమీ చెయ్యలేదట. అందుకని మేడ మీద మొక్కలకి నీడనిచ్చే వల, షేడ్ నెట్, వేయిస్తాడు. ఇనుప స్తంభాలు, మూడు అరల స్టాండ్లు, డ్రిప్పు పైపులు. రెండు వందల మొక్కలు పెట్టుకోవచ్చు. కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. బొమ్మలో మధ్యన చిన్న మనిషి ఉంది. అది నేనట.

వద్దన్నాను. మొహమాటపడకు అన్నాడు. నిజంగా వద్దన్నయ్యా అన్నాను. నువ్వెప్పుడూ ఇంతే, నీకోసం నువ్వేమీ అడగవు అన్నాడు వదినతో కలిసి. ఇంకేం చెయ్యను, గోడకేసి తల బాదుకోనా? ముందు నుయ్యి, వెనక గొయ్యి, పైన షేడ్ నెట్.

ఫిబ్రవరి 24

వదిన కోత మానలేదు. బకెట్ల చుట్టూ తిరిగి వెళ్తోంది. ఒకటి మాత్రం వింతగా ఉంది. నత్తల గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

వెల్డరు వచ్చాడు. మేడ మీద ఎనిమిది స్తంభాలు నిలబెట్టాడు. రోజంతా నిప్పురవ్వలు, కాలిన ఇనుము వాసన. లాయరు అట్టముక్క మీద అత్త తోట అని రంగులతో రాసి, ఒక స్తంభానికి కట్టింది. అందరం పైకెళ్ళి నిలబడ్డాం. అన్నయ్య నడుం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నేను స్తంభాల మధ్య నిలబడితే ఫోటో తీశారు.

ఫోటోలో నవ్వుతున్నాను. ఎంత బాగా నవ్వుతానో!

మార్చి 1, ఆదివారం. ఉదయం 8

బకెట్లు తీశాను. ఇక ఎవరు చూసినా సరే అని తీశాను.

మూడూ పోయాయి. పాలిపోయి, పసుపుపచ్చగా, సాగి సాగి బకెట్ అంచుకి తల ఆనించి వంగిపోయాయి. నీలం బకెట్ కింది దాని మొవ్వులో పెంకులేని నత్తలు పదకొండు. మొవ్వంతా జల్లెడ. నత్తలకి ఎర అన్నాను కదా, ఎరే అయింది. ఈ ఇంట్లో నేను ఆడిన అబద్ధాల్లో ఒకటి నిజమైంది.

మట్టిలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు చప్పుడు బయటికి రాకుండా ఏడవడం కూడా ఇక్కడే నేర్చుకున్నాను.

అదే రోజు. మధ్యాహ్నం 3

చెప్పాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను, తర్వాత మార్చి చెప్పుకోకుండా.

వదిన హాల్లో ఇస్త్రీ చేస్తోంది. నా చేతులకి మట్టి. ఆ చేతులతోనే వెళ్ళి, వదినా నేను రేపు ఒక ఉద్యోగానికి వెళ్ళాలి, వస్తే అక్కడే ఉంటాను అన్నాను. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసేసి, తెలుసు అంది.

ఫిబ్రవరి ఆరో తారీఖున నర్సరీ ఆవిడ ఫోన్ చేసిందట. నేను స్నానానికి వెళ్ళాను, ఫోన్ వంటింటి గట్టు మీద ఉంది. బస్సులో వస్తే ఏ స్టాపులో దిగాలో చెప్పడానికి చేసిందట. మూడు మొక్కల సంగతి కూడా చెప్పింది. వదిన అన్నీ విని, సరేనండి చెబుతాను అని పెట్టేసింది. చెప్పలేదు.

మరి మేనేజరు వచ్చిన రోజు? అదీ తానేనట. అన్నయ్యకి కత్తి ఇచ్చి, ఆ ప్రహరీ పక్కది కొయ్యండి, అది బాగుంది అన్నది తానే. ఇంకా కొయ్యమని చెబుదామనుకుంది, మళ్ళీ నోరు రాలేదు. రోజూ పొద్దున్న కత్తెర పట్టుకుని బకెట్ల దాకా వెళ్ళి వచ్చేదట.

ఎందుకు వదినా అన్నాను.

ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టి అంది: "నువ్వు అడిగితే వద్దనే నోరు నాకు లేదు. అందుకే నువ్వు అడక్కుండా ఉండేలా చూసుకున్నాను. ఫ్యానైనా, బీరువా అయినా, మేడ మీద ఆ ఇనుమైనా. నీ మీద ప్రేమ లేక కాదు. కానీ నువ్వు లేకపోతే ఈ ఇల్లు నాకు చేతకాదు. అది నాకు ఏడేళ్ళ నుంచీ తెలుసు."

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నేను అరిచింది వింటే నిజమే అనుకుంటారు. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. నాకు ఒక్కసారైనా జ్వరం వచ్చిందా ఈ ఇంట్లో అన్నాను. రాలేదా, వస్తే మీకు తెలియలేదా అన్నాను. ప్రేమ ప్రేమ అని నా పీక పిసికారు అన్నాను. ఆవిడ తల వంచుకుని వింది. అంతా అయ్యాక, ఆ మూడూ ఎలా ఉన్నాయి అని అడిగింది. పోయాయి, నీకు కనపడకూడదని దాచి నేనే చంపాను అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నువ్వు చెప్పుంటే నేనే కాపలా కాసేదాన్ని అంది. అది కూడా నిజమే. అదీ అసలు బాధ.

మార్చి 2, సోమవారం. మధ్యాహ్నం 4, తిరుగు బస్సులో

చేతిరాత ఊగుతోంది, బస్సు.

పొద్దున్న వదిన ఆసుపత్రికి సెలవు పెట్టింది. ఇద్దరం మడి దగ్గర కూర్చుని, కోసిన మొక్కల్లో ఒకటి వేళ్ళతో తవ్వాం. బకెట్ కింది మూడింట్లో నత్తలు లేనిది కూడా ఒకటి తీశాను. వదిన రెండూ తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

నర్సరీ ఆవిడ పొట్టిగా ఉంది. ఫోన్లో గొంతు విని పొడుగు అనుకున్నాను. బల్ల మీద గుడ్డ విప్పగానే, మూడు మొత్తం మొక్కలు తెమ్మన్నాను కదా, ఇవేమిటి అంది. నిజం చెప్పాను. ఆరు వారాల అబద్ధాల తర్వాత నిజం ఎంత పొట్టిగా ఉంటుందో! ఇంట్లోవాళ్ళకి కనపడకుండా బకెట్ కింద దాచాను, పాడైపోయాయి అన్నాను.

ఆవిడ ముందు పాలిపోయినదాన్ని చూసి పక్కన పెట్టేసింది. కోసినదాన్ని ఎత్తింది. దాని మెడ అంతా కోతల గాట్లు, ఒకదాని పైన ఒకటి, మెట్ల లాగా. వేలితో తడిమింది. ఒక్కటీ చీలలేదు, ఒక్కటీ కుళ్ళలేదు. ఎవరు కోశారు అని అడిగింది. మా వదిన అన్నాను. కొయ్యడం ఎవరు నేర్పారు అంది. నేను అన్నాను. ఇంత కోసినా మొవ్వు ఇంకా వేస్తోంది అంది, మొక్కతోనో నాతోనో తెలియదు.

తర్వాత గది చూపించింది. ప్యాకింగ్ షెడ్డు పైన. ఒక మంచం, ఒక కిటికీ, ఒక స్టవ్వు. వచ్చే సోమవారం పొద్దున్న ఆరింటికి పనిలోకి రమ్మంది. ఇక్కడ బకెట్లకి వేరే పనులున్నాయి, మొక్కల మీద బోర్లించకు అంది. నవ్వలేదు. నేనే నవ్వాను.

వచ్చేసింది. ఉద్యోగం వచ్చేసింది. సంతోషంగా ఉందా అంటే ఏమో.

మార్చి 5, గురువారం

అన్నయ్య మాట్లాడటం లేదు. మేడ మీద స్తంభాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఇవాళ టిఫిన్ పైకి తీసుకెళ్ళాను. తిన్నాడు. ఓ నెల చూసి రా చెల్లాయ్ అన్నాడు. ఏడేళ్ళ కిందట కూడా నెలే అన్నాడు. చూసి రావడం కాదన్నయ్యా, వెళ్తున్నాను అన్నాను. స్తంభం మీది తుప్పు గోరుతో గీకుతూ కూర్చున్నాడు.

లాయరు మాత్రం కేసు వేసింది. ఎవరేం చేశారో చెప్పు, తప్పు ఎవరిదో తేలాలి అంటుంది. ఎవరూ ఏమీ చెయ్యలేదే అన్నాను. కారణం లేకుండా ఎలా వెళ్తావంది.

"వెళ్ళొచ్చే" అన్నాను. "కారణం లేకుండానే ఏడేళ్ళు ఉండిపోయాగా."

వాదించడం మానేసి నా బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. దాని జీవితంలో మొదటిసారి.

మార్చి 8, ఆదివారం. సాయంత్రం 4

సంచీ ఒకటే అయింది. బీరువా అద్దంలో నన్ను నేను చూసుకుని తలుపు వేశాను.

వదిన బస్టాండు దాకా వచ్చింది. సంచీ తానే పట్టుకుంది. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, పిల్ల అయిదింటికి వస్తే తలుపు ఎవరు తీస్తారు అంది. నన్ను ఆపడానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. నా నోటి చివరిదాకా వచ్చింది, నేను ఆగుతాను అని.

పళ్ళు బిగించి కూర్చున్నాను. తాళంచెవి ఇవ్వండి, దానికి పదిహేనేళ్ళు అని మొదటి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. దిగాక ఫోన్ చేసి చెప్పాను.

మార్చి 9, సోమవారం. ఉదయం 5:40

లేచాను. ఎవరూ పిలవలేదు. టీ పెట్టాను. పొంగాక చూస్తే నలుగురికి కాచాను. ఇక్కడ ఉన్నది ఒకటే గ్లాసు.

నాలుగుసార్లు పోసుకుని తాగాను. పనికి టైమైంది.